కోడుమూరు మీదుగా గుత్తికి

కర్నూలు నుంచి గుత్తికి 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. వెల్దుర్తి, డోన్, ప్యాపిలి మీదుగా నూరు కిలోమీటర్ల లోపే. నా పాత స్ప్లెండర్ మీద కూడా రెండు గంటలకు మించదు. ఆ రోడ్డున ఎన్నోసార్లు పోయాను, ఒక్క ప్రయాణమూ విడిగా గుర్తు లేదు. ఒక జూన్‌లో, బడులు తెరిచేలోగా ఒక రోజు చేతికి చిక్కితే అదే గుత్తికి రెండో దారిన బయలుదేరాను. కోడుమూరు, దేవనకొండ, పత్తికొండ, తుగ్గలి, జొన్నగిరి, ఎర్రగుడి. చుట్టుదారే. తెల్లవారకముందే కదిలితే పొద్దు గూకే వేళకు గుత్తి చేరొచ్చని లెక్క వేసుకున్నాను.

నాకు అక్కడ పని కూడా ఉంది. హైస్కూల్లో సోషల్ చెబుతాను. మౌర్యుల పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద పటం గీసి, గుత్తికి కాస్త పైన ఒక చుక్క పెట్టి, ఎర్రగుడి, అశోకుడి శాసనాలు అని రాస్తాను. ఆ చుక్క మీద స్వయంగా నిలబడి ఆ రాళ్లను చూడాలని చాలాకాలంగా మనసులో ఉంది. పైగా తొలకరి పడింది. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. రెండూ ఒకే దారిలో, ఒకే రోజు చూడొచ్చు.

తోడు ఎవరినీ పిలవలేదు. బండి ప్రయాణాల్లో నేను బాగా నమ్మే సంగతి ఒకటుంది. నలుగురం కలిసి పోతే ఊళ్లవాళ్లు చూసి ఊరుకుంటారు. మనం కూడా మనలో మనమే మాట్లాడుకుంటాం. ఒక్కరే పోతే మనుషులు ఆపి అడుగుతారు. అందులోనూ హెల్మెట్ తీస్తే ఆడమనిషి కనిపించిందంటే ఇంకా అడుగుతారు. ఎవరి కూతురు, ఏ ఊరు, ఎక్కడికి, ఎందుకు? కొందరికి ఈ ప్రశ్నలు చిరాకు. నాకు మాత్రం అవే దారి ఖర్చు. వాళ్లు అడిగినదానికి నేను చెబుతాను, నేను అడిగినదానికి వాళ్లు చెబుతారు.

ఈ దారులకు పెద్ద బండి అక్కర్లేదు. 97 సీసీ ఇంజను, స్పోకుల చక్రాలు, ట్యూబు టైర్లు, అంతే. ఏ పల్లెలో ఆగిపోయినా దాన్ని విప్పి బిగించగల మనిషి ఉంటాడు. పైగా నలభైలో పోతుంటేనే చేనులో వంగిన మనిషి తల ఎత్తడం కనిపిస్తుంది, చెయ్యి ఊపితే మనమూ ఊపడానికి వ్యవధి ఉంటుంది. అరవై దాటితే రోడ్డు తప్ప మరేదీ కనిపించదు.

బళ్లారి చౌరస్తా దాటేసరికి తూర్పున ఇంకా వెలుగు రాలేదు. కర్నూలును ఆనుకుని పారే హంద్రి మద్దికెర వైపు చేలల్లో ఊటలుగా పుట్టి, ఇక్కడికొచ్చి తుంగభద్రలో కలుస్తుంది. వేసవిలో చూస్తే దీన్ని ఏరు అనడానికి కూడా మనసొప్పదు. 2009 అక్టోబరులో ఇదే హంద్రి, తుంగభద్రతో కలిసి కర్నూలును ముంచింది. ఆ బురద మరకలు గోడల మీద ఎంత ఎత్తున ఉండేవో మా ఊరివాళ్లకు ఇప్పటికీ గుర్తే. ఈ ప్రయాణంలో నా దారి దాదాపు ఆ ఏటికి ఎదురు దారి. అది వచ్చిన వైపుకు నేను పోతున్నాను.

గూడూరు దాటి కోడుమూరు చేరేసరికి పొద్దు పొడిచింది. ఈ సీమలో పొద్దున్నే రోడ్డు మీద తినాల్సింది ఉగ్గాని, బజ్జి. మరొకటి తినేవాళ్లను నేను తప్పు పట్టను గానీ, నేను తినను. బస్టాండు దగ్గర ఒకామె పెద్ద గిన్నెలో నీళ్లు పోసి బొరుగులు గుమ్మరించింది. రెండు క్షణాలు ఆగి, రెండు చేతులతో తీసి పిండి, పక్క పళ్లెంలో వేసింది. ఆ పిండడంలోనే ఉంది పనితనమంతా. నీళ్లు మిగిలితే ముద్దవుతుంది, ఎక్కువ పిండితే పొడిపొడిగా నోట్లో తిరుగుతుంది. బాండలిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపు అప్పటికే మగ్గుతున్నాయి. బొరుగులు అందులో పోసి, గరిటెతో రెండుసార్లు తిప్పి, పైన పుట్నాలపొడి చల్లి, కాగితం మీద పెట్టి, రెండు మిరపకాయ బజ్జీలు అంచున ఆనించి ఇచ్చింది.

“యాడికి మా, ఇంత పొద్దున్నే?”

“ఎర్రగుడికి పోతాండ.”

“వజ్రాలకా?”

“కాదు. రాజు రాయించిన రాళ్లు ఉన్నాయంట, చూసేకి.”

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, “చూసేకే అంత దూరమా? నీళ్లు పట్టుకో, ఎండ ముదురుతాది” అని నా సీసా తీసుకుని కుండలో నీళ్లు నింపి ఇచ్చింది.

కోడుమూరు దాటాక రోడ్డు సన్నబడింది. తారు అంచులు తిని ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు వస్తే మట్టిలోకి దిగక తప్పదు. ఇక్కడ నేల ఒకే రకంగా ఉండదు. కొంత దూరం ఎర్రనేల, ఉన్నట్టుండి నల్లరేగడి, మళ్లీ గరుగు. బండి నడిపేవాళ్లకు ఈ తేడా చక్రంలోనే తెలుస్తుంది. ఎర్రనేలలో వాన పడ్డ మర్నాడు కూడా అంచు గట్టిగానే ఉంటుంది. నల్లరేగడి అంచున దిగామా, మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, చక్రం తిరగడం మానేస్తుంది. అలాంటి చోట ముందు బ్రేకు ముట్టుకోకూడదు. రెండో గేరులో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టుకుని, చూపు చక్రం ముందు కాకుండా దూరంగా పెట్టి పోవాలి. ఎక్కడ చూస్తే బండి అక్కడికే పోతుంది, గుంతను చూస్తే గుంతలోకే.

రెండు వైపులా విత్తనం పని నడుస్తోంది. పదును ఉన్నంతలోనే పని ముగించాలి కాబట్టి ఎవరికీ తీరిక లేదు. ఎక్కువ చేలల్లో ట్రాక్టర్లే. ఒక చేనులో మాత్రం ఎద్దులతో గొర్రు తోలుతున్నారు. ఆయన ముందు నడుస్తుంటే వెనక ఇద్దరు ఆడవాళ్లు జడిగంలో వేరుశనగ గింజలు వదులుతున్నారు. ఇంజను ఆపి కాసేపు నిలబడ్డాను. గింజ వదిలే చెయ్యి ఆగదు, అడుగు తడబడదు, మాట కూడా ఆగదు. ఇంట్లో పెళ్లి సంగతులేవో చెప్పుకుంటూనే ఉన్నారు. కరువు సీమ అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు జూన్ మొదటి వారంలో ఈ దారిన ఒకసారి రావాలి. వాన సరిపోతుందో లేదో ఎవరికీ తెలియదు. అయినా కొన్న విత్తనాన్ని, అప్పు తెచ్చిన విత్తనాన్ని, అంత శ్రద్ధగా నేలకు ఇస్తున్నారు.

దేవనకొండ దాటి పత్తికొండ. ఈ ఊరి పేరు వింటే టమాటా గుర్తొస్తుంది. పంట దిగే నెలల్లో ఇక్కడి మార్కెట్ చుట్టూ బండ్లు కిక్కిరిసి ఉంటాయి. ధర పడిపోయిన ఏళ్లలో రైతులు గంపలకు గంపలు రోడ్డు పక్కన పారబోసి పోయిన ఫొటోలు పేపర్లలో అందరం చూసినవే. జూన్‌లో యార్డు ఖాళీ. నేను ఆగింది మన్రో కోసం.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి, 1807 దాకా ఉన్నాడు. జమీందారు నడుమ లేకుండా రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతికి గట్టి పునాది పడింది ఈ నేల మీదే. తర్వాత ఆయన మద్రాసు గవర్నరయ్యాడు. ఇంగ్లండుకు తిరిగి పోయేముందు పాత జిల్లాలను చివరిసారి చూసుకుందామని వచ్చి, 1827 జూలై 6న ఇదే పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన గుర్తుగా ప్రభుత్వం ఇక్కడ తోపు నాటించి, రాతి మెట్ల బావి కట్టించింది. శిస్తు వసూలు చేసిన దొరను జనం అభిమానించడమేమిటని పిల్లలు క్లాసులో అడుగుతారు. మంచి ప్రశ్న. ఆయన వేసిన శిస్తు తేలికైనది కాదు, ఎక్కువేనని చరిత్రకారులు రాశారు. కానీ గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగి, చేలు కొలిపించి, రైతులతో వాళ్ల మాటలో మాట్లాడిన అధికారి అంతకుముందు వాళ్లకు తెలియదు. నా అంచనాలో జనం గుర్తుపెట్టుకున్నది దాన్ని.

బావి గురించి అడిగితే అరుగు మీది పెద్దాయన దారి చూపి, “నీళ్లుండేటప్పుడు రావాల మా, రాయి పని చూసేకి ఇప్పుడైనా బాగుంటాది” అన్నాడు. మెట్ల రాళ్లు అంచులు పోకుండా ఉన్నాయి. చెక్కిన రాయిని రాయి మీద పేర్చిన తీరు చూస్తూ కాసేపు కూర్చున్నాను.

పత్తికొండ నుంచి తుగ్గలి వైపు తిరిగిన కొద్దిసేపటికి వెనక చక్రం అటూ ఇటూ జారడం మొదలైంది. దిగి చూస్తే తుమ్మముల్లు. నీడ లేని రోడ్డు. బండి తోసుకుంటూ నడుస్తుంటే ట్రాక్టరులో పోతున్న ఒకాయన ఆగి, ఏమీ అడగకుండానే తన పక్కనున్న కుర్రవాడిని దింపాడు. ఆ పిల్లవాడు వెనక నుంచి తోశాడు. ముందరి ఊరి మొదట్లో వేపచెట్టు కింద పంక్చరు కొట్టు ఉంది.

“అన్నా, స్టాండు వెయ్” అన్నాడు కొట్టతను. హెల్మెట్ తీశాక, “అక్కా, నువ్వా? కూర్చో, కూర్చో” అని స్టూలు నీడలోకి జరిపాడు.

టైరు అంచు కింద రెండు ఇనుప పట్టీలు దూర్చి లేపి, ట్యూబు బయటికి లాగాడు. గాలి కొట్టి, సగం కోసిన పెద్ద డబ్బాలోని నీళ్లలో కొద్దికొద్దిగా ముంచుతూ తిప్పాడు. ఒకచోట సన్నటి బుడగల వరస లేచింది. అక్కడ వేలు అదిమి, తుడిచి, ఆకురాయితో నల్లని నునుపు పోయేదాకా గరుకు చేశాడు. సొల్యూషన్ రాశాక వెంటనే ప్యాచ్ వెయ్యలేదు. ఊది, ఆరనిచ్చి, వేలి వెనక వైపుతో తాకి, అంటుకోకుండా పట్టుకుంటోందని తేలాకే అతికించి సుత్తితో కొట్టాడు. ఆ తర్వాత అసలు పని చేశాడు. టైరు లోపల అరచేయి పెట్టి చుట్టూ తడిమాడు. విరిగిన ముల్లు మొన ఇంకా లోపలే ఉంది. దాన్ని పటకారుతో లాగి నా చేతిలో పెట్టాడు. “ఇది చూడకుండా బిగిస్తే నాలుగు మైళ్లు పోయినాక మళ్లీ నా మాదిరోడి కాడికే వస్తావక్కా.”

అతని భార్య ఇంట్లో లేదు. పొద్దున్నే వజ్రాలకు పోయిందట. “నేనూ పోతా సాయంత్రం. అందరూ పోతాండారు. దొరికినోళ్లను చూస్తాం గదా, కాళ్లు ఆగవు.”

తుగ్గలిలో రైలు పట్టాలు దాటాక ఆ జనం కనిపించారు. ముందు రోడ్డు పక్కన వరసగా బైకులు, రెండు ఆటోలు, చెట్ల కింద పరదాలు, మూడు రాళ్ల పొయ్యిలు. తర్వాత చేనులో మనుషులు. ఎర్రటి గరుగు నేల, చిన్నచిన్న రాళ్లు, వాటి మీద వంగి నెమ్మదిగా కదిలే జనం. మొగవాళ్లు, ఆడవాళ్లు, బడి సెలవుల్లో ఉన్న పిల్లలు. పెద్దగా మాటలు లేవు. అందరి చూపూ నేల మీదే.

ఇక్కడ వజ్రాలు దొరకడం కట్టుకథ కాదు. గుత్తి, గుంతకల్లుకు ఆవల వజ్రకరూరు చుట్టూ కింబర్లైటు గొట్టాలు ఉన్నాయి. భూమి లోతుల నుంచి ఎగదన్నుకుని వచ్చిన ఆ రాయిలోనే వజ్రాలు పైకి వస్తాయి. యుగాలపాటు ఆ రాయి అరిగి, వాగులు మోసుకుపోయి, గులకరాళ్లతోపాటు చేలల్లో పరిచాయి. తొలకరి వాన రెండు పనులు చేస్తుంది. పైనున్న సన్నమట్టిని కడుక్కుపోతుంది, మిగిలిన రాయి మీది దుమ్మును కడుగుతుంది. అందుకే వాన వెలిసి ఎండ కాసిన పూట జనం ఎక్కువ. పొద్దున, సాయంత్రం వెలుతురు ఏటవాలుగా పడే వేళ నేల మీద మెరుపు దూరానికి కనిపిస్తుందని, నడినెత్తి ఎండలో వెతకడం దండగని అక్కడివాళ్లే చెప్పారు.

చేను గట్టున ఒక పెద్దామె కూర్చుని మజ్జిగన్నం తింటోంది. నన్ను చూసి పక్కకు జరిగింది. ఆమె వినుకొండ దగ్గర నుంచి వచ్చింది. మాట వినగానే తెలిసింది.

“మీరూ ఏరుకోవడానికొచ్చారామ్మా?”

“లేదమ్మా, చూసి పోదామని.”

“చూడటానికేముంది, మెడలు పడిపోవడం తప్ప. మిరపకోతలు అయిపోయాక మాకు పనులుండవు. మళ్లీ నాట్లకి టైముంది. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం? మా వీధోళ్లందరం ఆటో మాట్లాడుకుని వచ్చాం. రాత్రిళ్లు గుడి దగ్గర పడుకుంటున్నాం. ఈ ఊరోళ్లు మంచోళ్లు, నీళ్లిస్తారు.”

కొంగు ముడి విప్పి మూడు రాళ్లు అరచేతిలో పోసింది. ఒకటి లేత గులాబీ, ఒకటి తెలుపు, మూడోది పసుపు ఛాయలో, పెసరగింజంత. తెల్లదాన్ని రెండు వేళ్లతో ఎత్తి సూర్యుడికి అడ్డం పెట్టి, తిప్పి, నాకిచ్చింది. లోపల సన్నటి చీలిక గీత ఉంది. అంచులు అరిగి గుండ్రబడ్డాయి. చల్లగా ఉంది. “ఇది పలుగురాయే. నాకు తెలుసు. అయినా పారేయబుద్ధి కాలేదు” అంది. పసుపుదాన్ని మాత్రం ఊరి వ్యాపారికి చూపించాలట. వాళ్లు చూడగానే చెప్పేస్తారట. చెప్పే ధరకూ అసలు ధరకూ ఎంత తేడా ఉంటుందో తెలిసే మార్గం మాత్రం ఆమెకు లేదు. ఏరేవాడికి రాయి విలువ తెలియదు, కొనేవాడికి తెలుసు. ఈ వేటలో నాకు బాధ కలిగించింది ఎండ కాదు, ఆకలి కాదు, ఇది. బంగారానికి తూకం ఉంది, రోజూ పేపర్లో ధర ఉంది. చేనులో దొరికిన రాయికి ఆ రక్షణ లేదు.

చేను యజమాని కూడా అక్కడే ఉన్నాడు. అతని గోడు వేరు. “పదును పోతాంది మా. విత్తనం వేద్దామంటే వీళ్లు కదలరు. పొమ్మని అరిచేకి నోరు రాదు, పిల్లోళ్లతో వచ్చినారు. రేపు పొద్దున గొర్రు కడ్తా, ఈ పొద్దుకు ఏరుకోనీ.” అది విన్న పెద్దామె అతని వైపు చూసి చేతులు జోడించింది. అతను చూడనట్టు పక్కకు తిరిగాడు.

జొన్నగిరి ఊరు దాటుతుంటే అశోకుడి కాలపు సువర్ణగిరి ఇదేనన్న వాదం గుర్తొచ్చింది. దక్షిణ రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఆ పట్నం పేరు కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనంలో ఉంది. జొన్నగిరి అని కొందరు పండితులు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు. ఈ చుట్టుపట్ల నేలలో బంగారం ఉన్నమాట మాత్రం నిజం. పాతకాలపు తవ్వకాల గుంతలు ఉన్నాయి, ఇప్పుడు కొత్తగా గని కూడా వచ్చింది.

ఎర్రగుడి గుట్ట చేరేసరికి ఎండ వాలుతోంది. పురావస్తు శాఖ నీలం బోర్డు, పైకి దారి. గుట్టంతా గుండ్రటి పెద్దపెద్ద గుండ్లు. బండి కింద పెట్టి ఎక్కాను. శాసనాలు ఒకేచోట పలకగా ఉంటాయని ఎదురుచూసేవాళ్లకు ఇక్కడ వెంటనే ఏమీ కనిపించదు. రాయి దగ్గరికి పోయి, వెలుతురు పక్కనుంచి పడేటట్టు నిలబడాలి. అప్పుడు ఒక్కో అక్షరం లేస్తుంది. నిలువు గీత, దానికి అడ్డం. సున్నా. కొక్కెం. వేలెడంత అక్షరాలు, వరుసలు వరుసలుగా, రాయి వంపు తిరిగిన చోట వాటితోపాటు వంపు తిరుగుతూ.

పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు, రెండు చిన్న శాసనాలు ఇక్కడే ఉన్నాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం, కాలం క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం. బ్రాహ్మిని జేమ్స్ ప్రిన్సెప్ 1837లో విడగొట్టి చదివాడు. అయినా ఈ గుట్ట సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1929లో. అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాతలను చూశాడు. రాళ్లను చదవడం నేర్చిన మనిషికి రాత కనిపించడం నాకెందుకో చాలా సంతోషాన్నిచ్చే సంగతి.

గొర్రెల మందతో ఒకాయన గుట్ట పక్కగా వచ్చి, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. అరవై దాటి ఉంటాయి.

“ఏం చూస్తాండావు మా, అంతసేపటి నుంచి?”

“శాసనాలు. అశోకుడని పెద్ద రాజు రాయించినాడు. 2,200 ఏళ్లు దాటింది.”

“రాతలని తెలుసు. మా నాయన చూపించినాడు. అందులో ఏముండాదో ఎవరూ చెప్పలా.”

పైకి రమ్మన్నాను. గొర్రెలను ఒక కేక వేసి ఆపి వచ్చాడు. తెలిసినంత వరకు చెప్పాను. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించినానని, మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించినానని, దారుల పొడుగునా బావులు తవ్వించి చెట్లు నాటించినానని రెండో శాసనంలో చెప్పుకున్నాడు.

“జీవాలకు కూడానా?”

“జీవాలకు కూడా.”

“గాలికుంటుకు మందుండెనా అప్పుడు?”

నేను బదులు చెప్పేలోపే ఆయన మంద వైపు చూసి, పోయినేడు గాలికుంటు వచ్చి ఎన్ని జీవాలు పోయినవో, ఏ ఆకు నూరి కాళ్లకు కట్టాడో చెప్పుకొచ్చాడు. అశోకుడి రెండో శాసనాన్ని ఏళ్లుగా చెబుతున్నాను. పిల్లలు కూడా పరీక్షలో సరిగ్గానే రాస్తారు. అది తన ఇంటి విషయమైనట్టు విన్న మనిషిని అక్కడే చూశాను. పొద్దున పత్తికొండలో కూర్చున్న మెట్లబావి కూడా అప్పుడు కళ్లలో మెదిలింది.

చిన్న శాసనం చెక్కిన రాయి దగ్గరికి పోయాం. దేశంలో మరెక్కడా అశోకుడి శాసనాల్లో కనిపించని వింత అక్కడుంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అలా ఎందుకు చెక్కారో పండితులు రకరకాలుగా చెప్పారు. నేను వేలితో చూపించాను. ఈ వరుస ఇటు పోయింది, దాని కిందిది అటు నుంచి ఇటు వచ్చింది.

ఆయన నవ్వాడు. “సాలు తోలినట్లు గదా మా. ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, ఎద్దుల్ని తిప్పుకొని మళ్లా ఇటు. దున్నినోడే చెక్కింటాడు.”

ఆ శాసనంలోనే ఉంది, రజ్జుకులనే అధికారులకు ఆజ్ఞ ఇస్తే వాళ్లు భేరి కొట్టించి జానపదులకు వినిపించాలని. తల్లిదండ్రుల మాట వినండి, పెద్దలను గౌరవించండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని. అంటే ఈ గుట్ట కింద, ఈ గొర్రెలు మేసే చోట, ఒకప్పుడు డప్పు కొట్టి ఈ మాటలు చదివి ఉంటారు. చదవలేని జనానికి చదివి వినిపించాలన్న ఏర్పాటు రాత పక్కనే ఉంది. ఆ భాగాన్ని ఈసారి నుంచి క్లాసులో చెబుతాను.

ఎనిమిదో శాసనం నాకు అన్నిటికంటే ఇష్టం. పూర్వం రాజులు వేట కోసం, వినోదం కోసం యాత్రలు చేసేవారు. అశోకుడు పట్టాభిషేకమైన పదో ఏట బుద్ధుడికి జ్ఞానం కలిగిన చోటుకు వెళ్లాడు. అప్పటి నుంచి ఆయన యాత్రల తీరు మారింది. శ్రమణులను, బ్రాహ్మణులను, వృద్ధులను చూడటం, వాళ్లకు దానం చేయడం, పల్లెల్లోని జనాన్ని కలవడం, వాళ్లతో మాట్లాడటం. తక్కిన సుఖాలన్నిటికంటే ఇదే తనకు ఎక్కువ సంతోషమని చెప్పుకున్నాడు. చక్రవర్తి మాట ఎంతవరకు చేతల్లోకి వచ్చిందన్న ప్రశ్న వేరు. కానీ వేటకు పోయే దారినే మనుషులను చూడటానికి పోవాలని ఒక మనిషికి తోచడం, తోచినదాన్ని రాతి మీద పెట్టించడం, అదే గొప్ప సంగతి. క్లాసులో దాన్ని నాలుగు మార్కుల జవాబుగా చెప్పి వదిలేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

పదమూడోది కూడా చెప్పాను. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని ఊళ్ల నుంచి తరలించారని, దానికి పశ్చాత్తాపపడుతున్నానని రాజే రాయించాడు. అదే మాట కళింగ నేల మీద, ధౌలిలో, జౌగడలో లేదు. దెబ్బ తిన్నవాళ్ల ముందు ఆ లెక్క పెట్టడానికి మనసు రాలేదేమో. ఇక్కడ, ఆ యుద్ధంతో సంబంధం లేని ఎర్రగుడి గుట్ట మీద మాత్రం ఉంది. పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “చంపినాక తెలిసినా, తెలిసింది గదా” అన్నాడు.

దిగేటప్పుడు ఆయనే రాజుల మండగిరి సంగతి ఎత్తాడు. పత్తికొండ వైపు, రామలింగేశ్వరుడి గుడి దగ్గర ఇట్లాంటి రాతే ఉందని ఎవరో చెప్పారట. ఉన్నమాటే. అక్కడ అశోకుడి చిన్న శాసనం ఉంది. ఆ పూట అక్కడికి తిరిగిపోవడానికి పొద్దు లేదు.

గుత్తి చేరేసరికి కోట గోడల మీద వెలుతురు తగ్గిపోయింది. కోట ఎక్కే వేళ కాదు. మన్రోను మొదట పూడ్చింది ఈ కొండ కిందే. 1831లో అస్థికలను మద్రాసు తీసుకుపోయి సెయింట్ మేరీస్ చర్చిలో ఉంచారు. స్మశానం గోడ బయట బండి ఆపి, టీ తాగి, హైవే ఎక్కాను. లారీలు, హెడ్‌లైట్లు, ప్యాపిలి, డోన్. తొమ్మిదికి ఇంట్లో ఉన్నాను.

రాజుల మండగిరికి సంక్రాంతి సెలవుల్లో పోవాలనుకుంటున్నాను. గొర్రెల కాపరి దారి కూడా చెప్పి పంపాడు. వానాకాలం వద్దన్నాడు, నల్లరేగడిలో బండి దిగబడుతుందట. జొన్న కంకి పాలు పోసుకునేటప్పుడు రమ్మన్నాడు. తన మనవరాలు తొమ్మిదో తరగతి, తుగ్గలి హైస్కూల్లో చదువుతోంది, ఆమెను వెంటబెట్టుకుని పోవాలన్నాడు. ఆ రాతలో ఏముందో ఆ పిల్లకు ముందు చెప్పాలట. ఆమె చదివి తనకు చెబుతుందట.